రాబడికి కుడి వేలు

మా అత్త మొట్టమొదట బ్యాంకు మెట్లెక్కింది డబ్బు కోసం కాదు, తగాదాకి.

ఆ ఏడు మిరపకాయలు గుంటూరు తోలాం. అంతకుముందు తూకం అయ్యాక కమీషన్ కొట్టు ఆసామి నోట్లు చేతిలో పెట్టేవాడు. ఆ ఏడు నుంచి చెక్కు రాసివ్వడం మొదలెట్టాడు. చెక్కు సంగతి ఎలా ఉన్నా, దాని మూల ఏటవాలుగా రెండు గీతలు గీసి ఉన్నాయి. మా ఊళ్ళో పద్దు మీద గీత పడిందంటే ఆ పద్దు అయిపోయిందని అర్థం. ఒక గీతకే అంత బలం ఉంటే రెండు గీతలకి ఎంతుంటుందో అత్త ఊహించుకుంది. ఆ కాయితం పట్టుకుని చిలకలూరిపేట బ్యాంకుకి వెళ్ళి గుమాస్తా ముందు పరిచింది.

"కాయలేమో ఆయనకి చేరినయ్యి. డబ్బేమో నాకు రాకుండా గీతలు గీసి ఇచ్చాడు. చూడండి."

తోడు వెళ్ళింది నేను. అప్పటికి నాకు ఇరవై దాటాయి. మీసం వచ్చింది, చదువు రాలేదు. థర్డ్ ఫారంలో ఆపేశాను. ఆపేశాననడం మర్యాదకి. లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరం భరించలేమని ఇద్దరికీ ఒకే రోజు తెలిసింది. ఆయనకి అక్కడ జీతం వస్తుంది కాబట్టి నేను వెళ్ళిపోయాను. అయినా ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగేవాణ్ణి. గుడ్డికంటే మెల్ల నయమని మా ఊళ్ళో ఎవరికి కాయితాల పని పడ్డా నన్నే వెంటేసుకు వెళ్ళేవాళ్ళు.

గుమాస్తా కుర్రాడు మంచివాడు. నవ్వు ఆపుకుని చెప్పాడు.

"గీతలున్నంత మాత్రాన చెల్లకుండా పోదమ్మా. చేతికి ఇవ్వం, అంతే. మీ పేర ఖాతా తెరిచి అందులో వేస్తాం. చెక్కు గుంటూరు వెళ్ళి డబ్బు తీసుకురావాలి."

"గుంటూరు ఎవరు తీసుకెళ్తారు?"

"చెక్కే వెళ్తుందమ్మా."

"ఒక్కటేనా?" అంది అత్త.

ఆ రోజే ఖాతా తెరిచారు. వీధి చివర ఎరువుల కొట్టాయన వచ్చి ఈమె నాకు తెలుసునని పూచీ సంతకం పెట్టాడు. సంతకం రాని మనిషి గనక గుర్తుకి గడ్డం మీద పుట్టుమచ్చ రాసుకున్నారు, ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకున్నారు. అత్త ఒక్క మాట అనకుండా వేసింది. ఆమె ఒక్క మాట అనలేదంటే దాని వెనక ఏదో లెక్క ఉందని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆ డబ్బు దేనికో చెప్పాలి.

అత్త మా నాన్న చెల్లెలు. ఊళ్ళోనే ఇచ్చారు. మామయ్య పోయాక మరిదితో పంపకాలు జరిగాయి. ఆ మరిదిని నేను చిన్నమామ అనేవాణ్ణి. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు చదివి వినిపించారు, అత్త ఎడమ బొటనవేలు వేసింది. పొలం ఆమెకొచ్చింది. పొలంలోకి వెళ్ళే దారి రాలేదు. బళ్ళు పోయే ఊరి డొంక దిగి ఆమె చేలోకి వెళ్ళాలంటే చిన్నమామ చేను అంచున బండి పట్టేంత మేర దాటాలి. అన్నదమ్ములు కలిసున్నంత కాలం అది అందరిదీ. దస్తావేజులో దాని ఊసు లేదు. అబద్ధం ఎవరూ రాయలేదు, తప్పు ఎవరూ చదవలేదు. అత్త విన్నదంతా పొలం గురించి. దారి గురించి వినడానికి అందులో ఏమీ లేదు.

పై ఏడు చిన్నమామ ఆ మేర కూడా దున్నించి పొగాకు నాటాడు. అప్పట్నుంచి అత్త చేలో పండిన కాయలు గంపలకెత్తి, గట్టు మీదుగా ఆడకూలీల నెత్తిన డొంకకి చేరేవి. పశువుల ఎరువు కూడా అలాగే లోపలికి పోయేది. ఎద్దులు రెండూ డొంకలో నిలబడి, తాము చెయ్యాల్సిన పని మనుషులు చేస్తుంటే చూస్తూ నెమరేసేవి. కూలి ఖర్చుకి తోడు ఒక ఏడు అకాల వాన పడితే గంపలు చాలక కళ్ళంలో కాయ నల్లబడింది.

వదినా మరుదులకి మాటల్లేవు. మాటల్లేవంటే మాట్లాడుకోరని కాదు, నా మీదుగా మాట్లాడుకునేవాళ్ళు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరు "చెప్పరా ఆయనకి" అంటే ఇంకొకరు "చెప్పరా మీ అత్తకి" అనేవాళ్ళు. నేను నోరు తెరిచేలోపు బదులు వచ్చేసేది. తంతి స్తంభానికి ఉన్నంత పనే నాకూ ఉండేది.

ఆ ఏడు చిన్నమామ పొగాకు కాల్చే బ్యారన్ కట్టాలనుకున్నాడు. డబ్బు కావాల్సి ఆ దారి మేర అమ్మకానికి పెట్టాడు. అటుపక్క చేను ఆసామి తన చేలో కలుపుకుందామని కాస్త ఎక్కువే ఇస్తానన్నాడు. పెద్దమనుషులు వదినకి ముందు అవకాశం ఇవ్వమన్నారు. చిన్నమామ సరేనని ఒక రోజు చెప్పాడు. ఆ రోజు రిజిస్ట్రేషన్ అయితే ఆమెది, కాకపోతే పక్క ఆసామిది. పక్క ఆసామి కొన్నాడంటే ఇక ఎప్పటికీ గంపలే.

అనుకున్న రోజు నేనూ అత్తా పొద్దున్నే బస్సు దిగాం. దస్తావేజు అప్పటికే రాయించి ఉంది. చిన్నమామ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. పక్క ఆసామి కూడా ఏదో పని మీద పేట వచ్చాడట, ఆ పని సరిగ్గా ఆ వరండాలోనే ఉన్నట్టు అక్కడే కూర్చున్నాడు. మేం చెయ్యాల్సిందల్లా బ్యాంకులో డబ్బు తీసుకుని రావడం.

బ్యాంకులో కాయితం నేనే నింపాను. వేలిముద్ర ఏజెంటుగారి ఎదుట వెయ్యాలని లోపలికి పిలిచారు. అప్పట్లో బ్యాంకు పెద్దని ఏజెంటు అనేవాళ్ళు. ఆయన ఇంకేదో కాయితం చూసుకుంటున్నాడు. గుమాస్తా ఇంకు ప్యాడ్ జరిపి, పాత ముద్ర ఉన్న కార్డు వెతకడానికి అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి అత్త ముద్ర వేసేసి వేలు తుడుచుకుంటోంది. గుమాస్తా భూతద్దం పెట్టి రెండు ముద్రలూ చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత అత్తని చూశాడు.

"ఈమె ఆమె కాదండి" అన్నాడు ఏజెంటుగారితో.

"ఏమంటున్నాడ్రా?" అంది అత్త.

"నువ్వు నువ్వు కాదంటున్నారు."

"మరి ఎవరినంట?"

"అది ఇంకా తేలలేదు" అన్నాను.

ఏజెంటుగారు కళ్ళజోడు సర్దుకుని పుట్టుమచ్చ చూశాడు. మచ్చ ఉన్న చోటే ఉంది.

"మచ్చ సరిపోయింది కదండీ" అన్నాను.

"మచ్చకి డబ్బివ్వం బాబూ, వేలికి ఇస్తాం" అన్నాడు గుమాస్తా. అంతలోనే అతనికి అనుమానం వచ్చింది. "అమ్మా, ఏ చెయ్యి వేశారు?"

"కుడిది."

"హమ్మయ్య. ఎడమది వెయ్యాలమ్మా. ఇంకో కాయితం ఇస్తాను, ఎడమది వెయ్యండి."

అత్త ఎడమ చెయ్యి పైట కింద దాచుకుంది.

"ఎడమది వెయ్యను."

"అప్పుడు వేశారు కదమ్మా?"

"అప్పుడు డబ్బు మీకిచ్చాను బాబూ. పోయేదానికి ఎడమ వేలు. ఇప్పుడు నాకొస్తోంది. వచ్చేదానికి కుడి వేలు."

గుమాస్తా నా వంక చూశాడు. ఇలాంటి రూలు బ్యాంకు పుస్తకంలో ఎక్కడన్నా ఉందేమో నేను చదివి చెబుతానన్నట్టు చూశాడు. ఉండి ఉంటే బాగుండేది. అంత తేలిగ్గా గుర్తుండే రూలు ఆ బ్యాంకులో ఇంకోటి లేదు.

అత్తకి అది మూఢనమ్మకం కాదు. అనుభవం. జన్మలో అంతకుముందు ఒక్కసారే ఎడమ వేలు వేసింది, ఆ వేలితో దారి పోయింది. రెండోసారి బ్యాంకులో వేసింది, ఆ వేలితో మిరపకాయల డబ్బు ఊరు దాటి బ్యాంకులోకి పోయింది. రెండు సార్లూ ఎడమ వేలు చెప్పిన పని చేసింది. మూడోసారి ఆ వేలు మనసు మార్చుకుంటుందని ఆమె ఎందుకు నమ్మాలి?

గుమాస్తా బతిమాలాడు. క్యాషియరు ఇనప జాలీ వెనకనుంచి రెండింటికి క్యాష్ మూసేస్తామని గుర్తు చేశాడు. గోడ గడియారం ఒంటిగంట దాటింది. నా తెలివి బయటికి తీయాల్సిన సమయం వచ్చిందనుకున్నాను.

"అత్తా, ఒక మాట. ఈ డబ్బు నువ్వు ఇంటికి తీసుకెళ్తున్నావా?"

"లేదు."

"ఇక్కణ్ణుంచి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్తావు. చిన్నమామ చేతిలో పెడతావు. నీ దగ్గర గంట కూడా ఉండదు. అంటే ఇది పోయే డబ్బా, వచ్చే డబ్బా?"

అత్త ఆలోచించింది. గుమాస్తా మొహం వెలిగింది.

"పోయే డబ్బే" అంది అత్త.

"పోయేదానికి ఏ వేలు?"

"డబ్బు పోతే పోతుంది. దారి వస్తుంది కదరా" అంది.

నా థర్డ్ ఫారం చదువు సరిగ్గా అక్కడిదాకే వస్తుంది.

ఏజెంటుగారు తెనాలి వైపు మనిషి, నెమ్మదస్తుడు. కార్డు తీసుకుని తిరగేసి చూసి, "ఆవిడకి కుడి వేలు కావాలంటే కుడి వేలికి మార్చుకోవచ్చయ్యా. మనకి అభ్యంతరం ఏముంది?" అన్నాడు గుమాస్తాతో. "కాకపోతే ఈ మనిషి ఆ మనిషేనని మన ఖాతాదారు ఎవరో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. నీకు ఖాతా ఉందా బాబూ?"

"టీ కొట్లో ఉందండి."

ఆయన నవ్వలేదు. "ఖాతా తెరిచినప్పుడు పూచీ ఉన్నాయన్ని పిలుచుకురా" అన్నాడు.

ఎరువుల కొట్టుకి పరిగెత్తాను. ఆయన బెజవాడ వెళ్ళాడని, రాత్రి బండికి గానీ రాడని కొట్లో గుమాస్తా చెప్పాడు. తిరిగొచ్చేసరికి బ్యాంకు మెట్ల మీద చిన్నమామ నిలబడి ఉన్నాడు. ఇంత ఆలస్యమెందుకైందో చూద్దామని వచ్చాడు. అటు పక్క ఆసామి జేబు తడుముకుంటూ కూర్చున్నాడన్న సంగతి ఆయన చెప్పకపోయినా నాకు తెలుసు.

"ఏరా అల్లుడూ, డబ్బుందా లేదా?"

"డబ్బుంది మామా. మనిషి లేదంటున్నారు."

జరిగింది చెప్పాను. విని లోపలికొచ్చాడు. ఆయనకి ఆ బ్యాంకులో ఖాతా ఉంది. పొగాకు కంపెనీ వాళ్ళు చెక్కులిచ్చేది రెండేళ్ళ ముందే మొదలెట్టారు కాబట్టి మా ఊళ్ళో అందరికంటే ముందు ఖాతా తెరిచింది ఆయనే. ఏజెంటుగారికి ఆయన మొహం తెలుసు.

"మీరు ఈమెని ఎరుగుదురా?" అన్నాడు ఏజెంటుగారు.

చిన్నమామ బదులు చెప్పలేదు. చెప్పకపోవడంలో ఎంత లాభం ఉందో ఆ గదిలో నాకూ ఆయనకీ అత్తకీ తెలుసు. ఎరగనని అనక్కర్లేదు. ఈ పూట తీరిక లేదంటే చాలు. రెండు కొట్టేస్తుంది, క్యాష్ మూసేస్తారు, గడువు పోతుంది, పక్క ఆసామి దగ్గర ఎక్కువ డబ్బు వస్తుంది. ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనడానికి ఉండదు. వదినే ఎడమ వేలు వెయ్యనంది, ఆయనేం చేస్తాడు?

"చెప్పరా మీ అత్తకి" అన్నాడు చివరికి. "ఆ ఎడమ వేలేదో వేస్తే పోలా? ఊరికే అందరికీ ఇబ్బంది."

"చెప్పరా ఆయనకి" అంది అత్త. "ఎడమ వేలు వేయించడం అలవాటు ఆయనకి. వేసే అలవాటు నేను మానేశాను."

క్యాషియరు జాలీ దగ్గరికొచ్చి చెవి ఒగ్గాడు. 

"నేనేం వేయించలా. రాసింది చదివారు, విన్నది" అన్నాడు చిన్నమామ నాతో.

"విన్నాను. మాగాణి విన్నాను, మెట్ట విన్నాను, గట్టు మీద తుమ్మచెట్టు విన్నాను. దారి విన్లేదు. అది ఆయనకీ వినపడలేదేమో అడుగు."

నేను అడగలేదు. ఆయన వినకపోతే కదా అడగడానికి.

"ఏమండీ, టైమవుతోంది" అన్నాడు గుమాస్తా.

అత్త ఇంకో మాట అంది. గొంతు పెంచలేదు. "నేనెవరో తెలియకపోతే తెలియదని ఈ ఆఫీసరు గారి ముందు ఒక్క మాట చెప్పి పొమ్మనరా. డబ్బు ఉంటుంది, రేపైనా తీసుకుంటాను. గంపలు మోయించడం నాకు కొత్త కాదు. మాట మాత్రం ఇప్పుడే చెప్పి పొమ్మను."

చిన్నమామ గడియారం వంక చూశాడు. దాంట్లో ఆయనకి పనికొచ్చే సమయం ఇంకా పావుగంట ఉంది. ఊరికే నిలబడి ఉన్నా ఆ పావుగంట గడిచిపోతుంది. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను. ఆయన మొహం చదవడం అనేది నాకు ఏ ఫారంలోనూ రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఎక్కడ పెట్టాలండీ?" అన్నాడు.

గుమాస్తా చోటు చూపించాడు. చిన్నమామ సంతకం పెట్టాడు. నిదానంగా పెట్టే మనిషి, పొడుగు పేరు.

"ఆవిడ మీకు ఏమవుతారు? రాయాలి" అన్నాడు గుమాస్తా.

"మా వదిన" అన్నాడు.

అత్త కిటికీ వంక చూస్తోంది. గుమాస్తా రాసుకున్నాడు. అత్త కుడి బొటనవేలు ఇంకులో ముంచినంత పని చేసి, కొత్త కార్డు మీదా డబ్బు కాయితం మీదా ఒత్తింది. ఈసారి గుమాస్తా తల తిప్పకుండా చూశాడు. ఏజెంటుగారు తను కూడా సంతకం చేసి, ఇత్తడి టోకెన్ ఇప్పించాడు. దాన్ని జాలీ దగ్గరిచ్చి డబ్బు పుచ్చుకునేసరికి ప్యూను తలుపులు దగ్గరగా వేస్తున్నాడు. అత్త నోట్లు లెక్కపెట్టించి, సంచిలో పెట్టి రొండిన దోపుకుంది.

రిజిస్ట్రారు ఆఫీసుకి ముగ్గురం నడిచాం. ముందు చిన్నమామ, వెనక అత్త, మధ్యన నేను. వరండాలో పక్క ఆసామి మమ్మల్ని చూసి లేచి, తన పని అయిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడు. ఏం పనో మేం అడగలేదు. దస్తావేజు చదువుతుంటే అత్త ఈసారి మధ్యలో ఆపింది.

"దారి అన్న మాట ఏది? మళ్ళీ చదవండి."

చదివారు. ఇంకోసారి చదవమంది. రైటరు విసుక్కుని మూడోసారి ఆ ఒక్క మాటే చదివాడు. అప్పుడు సంచి విప్పి డబ్బు బల్ల మీద పెట్టింది.

వచ్చే పొగాకు రోజులకి చిన్నమామ బ్యారన్ లేచింది. తన చేను లోపలి కొసన, అత్త గట్టుకి దగ్గరగా కట్టించాడు. డొంక దాకా ఉన్న చేనంతా, ఒక్క అడుగు వదలకుండా, పొగాకు నాటేశాడు. ఆకు కోతకొచ్చాక బ్యారన్‌కి కట్టెల బళ్ళు రావాలి. పైరు తొక్కించి తోలలేడు. ఇక మిగిలింది ఒకటే దారి, అది తను అమ్మేసిందే.

మా పంచకి వచ్చాడు. అత్త కాయలకి తొడిమలు తీయిస్తోంది, ఘాటుకి అందరం తుమ్ముతున్నాం. ఆయన కూడా రెండు తుమ్మి, కట్టెల బళ్ళ సంగతి నాతో చెప్పాడు.

"తోలుకోమనరా" అంది అత్త. "నా కాయలబండి పోయే రోజు మాత్రం ఆయన బండి డొంకలో ఆగాలి. చక్రాలకి గుంటలు పడితే పూడ్చే పని ఆయనది. నేను కొనుక్కున్నప్పుడు గుంటలు లేవు."

"గుంటలేం పడవులే."

"పడతయ్యి. కట్టెలు బరువు."

పడ్డాయి. చిన్నమామ చీమకుర్తి వైపు నుంచి రాతి ముక్కలు ఒక లారీ తెప్పించి పోయించాడు. ఆ ఏడు వానలకి ఊరి డొంకలో బళ్ళన్నీ ఇరుసుదాకా దిగబడ్డాయి గాని, అత్త దారిలో మాత్రం చక్రం దిగలేదు.